చుట్టాలకు అన్నం పెట్టకు

వాగొడ్డుపల్లె, ములుగు దగ్గర
8-7-1985

చిరంజీవి తమ్ముడు ఉప్పలయ్యకు అక్క మొగిలమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ బావ సారయ్య, మేనత్త భద్రమ్మ క్షేమం. హన్మకొండ పోలీసు లైన్లలో నువ్వు వేళకింత తింటున్నావని తలుస్తాను.

మన ఊరికి పోలీసు క్యాంపు వచ్చింది. బడిలో దిగారు. కిటికీలకు ఇసుక బస్తాలు పేర్చి పిల్లలకు సెలవిచ్చారు. ఎన్నాళ్లో చెప్పలేదు గనుక పిల్లలు పోలీసులను దేవుళ్లలా చూస్తున్నారు. ఎందుకొచ్చారని మన పక్కింటి గట్టయ్య పోయి అడిగితే "మీ రక్షణ కోసమే" అన్నారట. "ఎవల నుంచి సారూ?" అని మళ్లీ అడిగాడు. గట్టయ్య నోరు ఊరుకోదని నీకు తెలుసు కదా. పొద్దంతా బడి ముందు వానలో నిలబెట్టి పంపారు.

ఇక నా చాయ్ హోటల్ సంగతి. నలుగురికంటే ఎక్కువ మంది ఒకచోట కూడొద్దని దండోరా వేయించారు. బస్సు స్టేజీ దగ్గర నా బెంచీ అయిదుగురు పట్టేదాయె. ఎస్సై వచ్చి "ఏందిది, మీటింగా?" అన్నాడు. "కాదు సారూ, చాయ్" అన్నాను. అయినా ఒకరిని లేపాడు. లేచింది గట్టయ్యే. ఇప్పుడు నలుగురు బెంచీ మీద, గట్టయ్య రోడ్డుకు అవతల నిలబడి తాగుతున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే నినాదాలంటున్నారు.

మీ బావకు ఇవేవీ పట్టవు. శనివారం భజనలో మద్దెల ముందేసుకుంటే ఆయనకు లోకం గుర్తుండదు.

ఇట్లు,
నీ అక్క మొగిలమ్మ

తా.క. మా తమ్ముడు పోలీసేనని ఊరంతా చెప్పాను. ఎస్సైకి ఒక్కడికే ఇంకా చెప్పలేదు. వీలు చూసుకుని చెబుతాను.

---

హన్మకొండ
13-7-1985

అక్కకు తమ్ముడు ఉప్పలయ్య నమస్కరించి రాయునది.

నీ కార్డు చేరింది. ఇకమీదట కార్డు మీద రాయకు, కవర్లో రాయి. కవర్లో కూడా ఏమీ రాయకు. మధ్యలో ఎక్కడ ఎవరు చదువుతారో చెప్పలేం. అందుకే నేనూ ఏదీ విప్పి చెప్పలేను. నువ్వే అర్థం చేసుకోవాలి.

ఒకటి. కొన్నాళ్లు చుట్టాలు ఎవరొచ్చినా అన్నం పెట్టకు. నీళ్లు కూడా ఇయ్యకు. ఎంత దగ్గరివాళ్లమని చెప్పుకున్నా సరే, ఎంత ఆకలన్నా సరే, గడప తొక్కనియ్యకు. చుట్టాలకు ముద్ద పెట్టి జైలుకు పోయినవాళ్లను నేను నా చేతులతో జీపెక్కించాను. చుట్టాలంటే ఎవరో నీకు తెలుసు.

రెండు. నేను పోలీసునని ఎవరికీ చెప్పకు. ఊళ్లో పోలీసు చుట్టరికం అటువాళ్లకూ కోపమే, ఇటువాళ్లకూ అనుమానమే. ఎవరడిగినా "నాకు తమ్ముడే లేడు" అను.

బావను జర పైలంగా ఉండమని చెప్పు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు. నీది నేను అప్పుడే కాల్చేశాను.

---

వాగొడ్డుపల్లె
2-8-1985

చిరంజీవి ఉప్పలయ్యకు అక్క దీవించి రాయునది.

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసినప్పటి నుంచి మీ బావ నాతో మాట్లాడడం లేదు.

సోమవారం పాలకుర్తి నుంచి నా ఆడబిడ్డ రాజక్క వచ్చింది. మొగుడు యాకయ్య నెత్తి మీద పల్లికాయ మూట. బస్సు దిగి "వదినే, ఆకలైతాంది" అంటూ హోటల్ వెనకే ఉన్న ఇంట్లోకి రాబోయింది. నేను గుమ్మానికి చేతులు అడ్డం పెట్టాను. "ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలే" అన్నాను. వెనక కూర పొంగి చుయ్యిమంది. రాజక్క నా మొహం చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను తమ్ముడూ. కన్నబిడ్డలాగా నా చేతి అన్నం తిన్నది. మూట ఎత్తించుకుని పోయి స్టేజీ కాడ తిరుగు బస్సు కోసం కూర్చుంది.

నీకు వాళ్ల మీద ఇంత కోపమెందుకో ఎంత ఆలోచించినా తెలియలేదు. నా పెళ్లిలో నీ విస్తట్లో మాంసం లేకుండా బొక్కలే పడ్డాయని ఇన్నేళ్లు మనసులో పెట్టుకుంటావా?

ఇంతలో దొడ్డిదారిన ఇద్దరు పిల్లలొచ్చారు. భుజాన సంచులు, మోకాళ్ల దాకా బురద. "అమ్మా, రెండు దినాలాయె తిని" అన్నారు. ఒకడికి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది. నేను తెలివిగా ముందే అడిగాను. "మీరు నాకు చుట్టాలా?" అన్నాను. "కాదమ్మా" అన్నారు. చుట్టాలు కానప్పుడు నీ మాట దాటినట్టు కాదు కదా. రాజక్కకు పెట్టని అన్నం వాళ్లకు పెట్టాను. వాళ్లెవరో నేను అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది.

రాజక్క స్టేజీ కాడి నుంచి దడి సందులోంచి ఇదంతా చూసింది. బస్సెక్కుతూ, "సొంత ఆడిబిడ్డకు ముద్ద పెట్టది! దొడ్డెనుక ఎవలెవల్నో కూసోబెట్టి మేపుతాంది!" అని బస్సంతా వినేటట్టు అరిచింది. బస్సులో ఇద్దరు పోలీసులు కూడా ఉన్నారు పాపం, ఆమె గొంతుకు చెవులు మూసుకున్నారు.

ఇట్లు,
అక్క మొగిలమ్మ

తా.క. నీ పోయిన ఉత్తరం పొయ్యిలో పెట్టాను. ఆ మంట మీదనే వాళ్లకు కూర వేడి చేశాను.

---

హన్మకొండ
7-8-1985

అక్కా,

నమస్కారాలు రాసే తీరిక లేదు.

ఆ చుట్టాలు వేరు! చుట్టాలంటే చుట్టాలు కారు! చుట్టాలు కారంటూ వచ్చిన ఆ ఇద్దరే చుట్టాలు! రాజక్కకు పెట్టవలసింది, వాళ్లకు పెట్టగూడనిది! ఇంతకంటే విప్పి రాస్తే నన్నే లోపలేస్తారు.

రాజక్క మీద నాకేం కోపం లేదు. వెంటనే పాలకుర్తి పోయి ఆమె కాళ్లు పట్టుకో. బావను కూడా తీసుకుపో. పదిహేను రోజులు అక్కడే ఉండండి. హోటల్ మూసేయ్. నాకు సెలవు దొరకడం లేదు. ఊళ్లలో పరిస్థితి బాగా లేదని మాకందరికీ సెలవులు ఆపేశారు. పరిస్థితి అంటే ఎవరో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇట్లు,
తమ్ముడు

తా.క. ఎవరైనా వచ్చి అడిగితే తొందరపడి ఏమీ చెప్పకు. నీకు తొందర ఎక్కువ.

---

వాగొడ్డుపల్లె
19-8-1985

తమ్ముడు ఉప్పలయ్యకు,

నీ ఉత్తరం వచ్చేసరికే మీ బావను తీసుకుపోయారు.

ఎస్సై హోటల్ ముందు జీపు ఆపి, "ఎవలకు అన్నం పెట్టినవ్?" అన్నాడు. నువ్వు నేర్పిందే నోటికొచ్చింది. "చుట్టాలకు పెట్టలే సారూ. మా తమ్ముడు వద్దన్నడు" అన్నాను.

ఎస్సై మొహం మారింది. "చుట్టాలా? ఆ మాట నీకెవలు నేర్పిండ్రు? తమ్ముడెవడు?"

"నాకు తమ్ముడు లేడు సారూ."

"లేని తమ్ముడు వద్దన్నడా?"

"అవు సారూ."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై చూడగానే ఆపేశాడు. అప్పుడే మీ బావ భజన కాడి నుంచి మద్దెల మోసుకుంటూ వచ్చాడు. "నువ్వేం చేస్తవ్?" అని అడిగారు. "సంఘంల పని చేస్త సారూ" అన్నాడు. భజన సంఘమని చెప్పేలోపల, అడవిలో అన్నల సంఘమనుకుని చెంప మీద కొట్టారు. రెండో మాట చెప్పనియ్యలేదు. మద్దెలను కూడా జీపెక్కించారు. బెంచీని కూడా ఎక్కించబోయారు గాని పట్టలేదు, కాళ్లు విరగ్గొట్టి పోయారు.

మరునాడు సద్ది పట్టుకుని స్టేషన్‌కు పోయాను. "సారయ్య అనేటోడు ఎవడూ మా దగ్గర లేడు" అన్నారు. మీ బావ చెప్పులు మెట్ల పక్కన ఉన్నాయి. ఎడమ చెప్పుకు నేను కుట్టిన తోలు పట్టీ కనపడుతూనే ఉంది. "ఆ చెప్పులు మా ఆయనవే సారూ" అన్నాను. "అయితే చెప్పులు తీస్కపో" అన్నారు. నేను తీసుకురాలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఆయన ఏమేసుకుని వస్తాడు?

నువ్వు లేవని అబద్ధమాడి తప్పు చేశానా తమ్ముడూ? ఇప్పుడు ఉన్నావని చెప్పనా?

ఇట్లు,
అక్క

తా.క. ఆ సద్ది వాపసు తెచ్చి గట్టయ్యకు పెట్టబోతే, "ఒద్దక్కా, నేను నీకేమైతనో నాకు తెల్వదు" అని తలుపేసుకున్నాడు.

---

హన్మకొండ
30-8-1985

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివిన వెంటనే మా ఆఫీసర్ కాళ్ల మీద పడ్డాను. "అతను మా అక్క పెనిమిటి సార్, మద్దెల తప్ప ఏమీ తెల్వదు" అన్నాను. ఆయన మంచివాడే. వైర్‌లెస్‌లో మీ క్యాంపుకు అడిగించాడు. మీ క్యాంపు నుంచి జవాబు వచ్చింది: "సదరు స్త్రీ తనకు తమ్ముడు లేడని మా ఎదుట చెప్పినది."

అంతటితో బావ సంగతి పోయింది. నా మీద మెమో వచ్చింది. అనుమానితుణ్ని విడిపించడానికి లేని చుట్టరికం కల్పించానట.

నాకు నువ్వు అక్కవని రుజువు చేసుకోవాలి. అమ్మానాయిన పోయాక ధర్మసాగర్‌లో చదువుకున్నాను గనుక సర్వీసులో అదే సొంతూరని రాశారు. నీ ఉత్తరాలు చూపిద్దామంటే వచ్చినవి వచ్చినట్టే కాల్చాను. ఉన్నా ఏం లాభం? అందులో ఆ ఇద్దరికీ అన్నం పెట్టానని నీ చేతిరాతే ఉంది.

విచారణకు ఒక పెద్ద సారు మీ ఊరికి వస్తాడు. ఊళ్లోవాళ్లను భయపడకుండా నిజం చెప్పమను. నన్ను భుజాల మీద మోసినవాళ్లే కదా అందరూ. మేనత్త ఒక్కమాట చెబితే చాలు.

బావ సంగతి కనుక్కున్నాను. బతికే ఉన్నాడు. కోర్టులో పెడతారట. ఫికర్ చేయకు.

ఇట్లు,
నీ సొంత తమ్ముడు ఉప్పలయ్య

తా.క. సొంత అనే మాట ఇదివరకు ఎప్పుడూ రాయలేదు. ఎందుకైనా మంచిదని రాశాను.

---

వాగొడ్డుపల్లె
6-10-1985

తమ్ముడు ఉప్పలయ్యకు అక్క రాయునది.

ముందు మీ బావ సంగతి. కోర్టు వదిలింది. శాంతికి భంగం కలిగించాడని కేసు. సాక్ష్యం మద్దెల. జడ్జి సారు ఒక్కసారి దాన్ని, ఒక్కసారి మీ బావను చూసి, బుద్ధిగా ఉంటానని రాయించుకుని పంపాడు. ఏడాది పాటు ప్రతి ఆదివారం క్యాంపులో సంతకం పెట్టాలి. కుడికాలు నేల మీద సరిగ్గా ఆనడం లేదు. దవాఖానకు పోదామంటే "జారిపడ్డ" అంటాడు. నాతో కూడా అదే చెప్తున్నాడు.

ఇక నీ విచారణ. పెద్ద సారు మర్యాదస్తుడు. బడి వరండాలో కుర్చీ వేయించుకుని, "భయపడకుండ్రి, తెలిసింది చెప్పుండ్రి" అన్నాడు. ఈ ఊళ్లో తెలుసన్న ప్రతివాణ్నీ ఇన్నాళ్లు జీపెక్కించారని ఆయనకు ఎవరు చెప్పాలి?

మొదట గట్టయ్య. "ఉప్పలయ్య అనే కానిస్టేబుల్ తెలుసా?"

"తెల్వదు సారూ."

"ఈ మొగిలమ్మ తెలుసా?"

"తెల్వదు సారూ."

"ఈమె హోటల్ల రోజు చాయ్ తాగుతవట కదా?"

"చాయ్ తెలుసు సారూ. పోసేటామె తెల్వదు."

ఆ తర్వాత అందరిదీ అదే పాట. ఒకాయన పేరడిగితే కూడా తెల్వదన్నాడు. చివరికి మన భద్రమ్మత్తను పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. అమ్మ పోయినప్పుడు నిన్ను కొంగులో మూటకట్టినట్టు తిప్పింది కదా, ఆమె చెబుతుందని నేను ధైర్యంగా ఉన్నాను. నా వైపు తిరిగింది. "నాకు ఎవలూ లేరు బాంచెన్. పిల్లలు లేరు, మేనగోడలు లేదు, మేనల్లుడు లేడు" అన్నది.

నేను ఉండబట్టలేక ముందుకొచ్చి, "వాడు నా తోడబుట్టినోడు సారూ, ఒక్క తల్లి పాలు తాగినం" అన్నాను.

"మొన్న లేడంటివి కదమ్మా" అన్నాడు పెద్ద సారు. కోపంగా కాదు. నెమ్మదిగానే అన్నాడు.

ఆయన పోయాక అత్త నా చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "తెలుసంటే తీస్కపోతరు బిడ్డా. సారయ్యను చూసినంక నా పానం ఎట్లుంటది? నిన్ను, వాన్ని కాపాడిన" అన్నది.

ఇట్లు,
అక్క మొగిలమ్మ

తా.క. మద్దెల వాపసిచ్చారు. లోపల ఏముందోనని తోలు కోసి చూశారు. ఏమీ లేదని రసీదు ఇచ్చారు.

---

హన్మకొండ
21-10-1985

అక్కకు నమస్కారాలు.

విచారణ తేలింది. నాకు అక్క లేదు.

తెలియనివాళ్ల మీద జాలిపడి అబద్ధమాడినట్టు రాశారు. మా ఆఫీసర్ నన్ను పిలిచి, "మంచి మనసే, కాని పోలీసుకు ఇంత పనికిరాదు" అని బుజ్జగించాడు. ఉద్యోగం ఉంటుంది. శిక్ష కింద ఏదో అడవి క్యాంపులో వేస్తారట. ఎక్కడో రేపు చెబుతారు.

రాత్రంతా ఒక్కటే అనిపించింది. నేను కూడా ఎన్నో ఊళ్లలో బడి వరండాలో నిలబడ్డాను. అందరూ తెల్వదంటుంటే ఈ జనానికి ఇంత మొండితనం ఏమిటనుకునేవాణ్ని. ఒక ముసలామెను గట్టిగా గద్దించాను కూడా. ఆమె ఎవరికి మేనత్తో.

బావను కాలు చూపించుకోమను. రాజక్కతో రాజీ పడు. నువ్వు నాకు రాయకు, నేనూ కొన్నాళ్లు రాయను.

ఇట్లు,
ఉప్పలయ్య

తా.క. కింద "తమ్ముడు" అని రాసి కొట్టేశాను. తప్పుగా అనుకోకు.

---

వాగొడ్డుపల్లె
18-11-1985

కానిస్టేబుల్ ఉప్పలయ్య గారికి హోటల్ మొగిలమ్మ రాయునది.

మన బడిలో ఉన్న నీ క్యాంపుకు నా హోటల్ కేకేస్తే వినపడేంత దూరం. అయినా ఈ ఉత్తరం హన్మకొండ లైన్లకు పోయి, అక్కడి నుంచి మీ టపా సంచిలో మళ్లీ ఇక్కడికి రావాలి. చేతికియ్యడానికి ధైర్యం చాలలేదు.

ఆ రోజు జీపులోంచి ట్రంకు పెట్టెతో నువ్వు దిగితే నా చేతిలో గిన్నె జారింది. నీ పక్కనున్న కానిస్టేబుల్ చాయ్ తాగుతూ చెప్పాడు: "కొత్తోడు. ఈ ఊళ్ల ఇతనికి ఎవలూ లేరని మొన్న విచారణల తేలిందట. ఎవలూ లేనోన్నే గదా గిక్కడ ఎయ్యాలె." నువ్వు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నావు. బక్కచిక్కావు. చక్కెర ఎక్కువ వేసి ఇచ్చాను. నీకు తెలిసింది, నాకు తెలిసింది.

మొన్న ఆదివారం మీ బావ సంతకానికి వచ్చాడు. నువ్వే రాసే కుర్చీలో ఉన్నావట. ఇంటికొచ్చి ఆయన చెప్పాడు. ఎస్సై కొత్తగా చుట్టాల వివరాలన్నీ రాయమన్నాడట. నువ్వు తల ఎత్తకుండా అడిగావట: తండ్రి పేరు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. తర్వాత గొంతు తగ్గించి, "బామ్మర్దులు?" అన్నావట.

"ఉండె సారూ. ఒక్కడుండె" అన్నాడట మీ బావ.

"ఇప్పుడు?" అన్నాడట ఎస్సై.

"ఇప్పుడు లేడు సారూ."

"చచ్చిపోయెనని రాయి" అని ఎస్సై నీతో అన్నాడట. నువ్వు చాలాసేపు రాయలేదట. కలంలో సిరా అయిపోయిందేమోనని ఎస్సై తన కలం తీసి ఇచ్చాడట. అప్పుడు రాశావట.

ఇది చెప్పి మీ బావ నవ్వాడు. క్యాంపు వచ్చిన తర్వాత ఆయన నవ్వగా నేను చూడడం ఇదే. నవ్వి నవ్వి, కాలు పట్టుకుని గోడకు కూలబడ్డాడు. ఆ తర్వాత వచ్చింది నవ్వు కాదు. నేను తలుపు దగ్గరికేసి పక్కన కూర్చున్నాను.

రాసినందుకు నాకు కోపం లేదు. నీ చేతిరాత చక్కగా ఉంటుంది. ఇంకొకడు రాస్తే తప్పులతో రాసేవాడు.

భద్రమ్మత్తకు చూపు సరిగ్గా ఆనదు గనుక ఆమెకు నువ్వొచ్చావని చెప్పలేదు. హోటల్‌కు వస్తే మాత్రం బూట్ల చప్పుడు తక్కువ చెయ్యి. నీ నడక ఆమె గుర్తుపడుతుంది.

ఇట్లు,
హోటల్ మొగిలమ్మ

తా.క. ఇక్కడ పోలీసులెవరూ చాయ్‌కు డబ్బులియ్యరు. నువ్వొక్కడివే రోజూ ఇచ్చి పోతున్నావు, జనం చూస్తున్నారు. ఇయ్యకు. చుట్టానివని పట్టేస్తారు.